సన్మానానికి బ్యాటరీ యంత్రమే ఎందుకు?

పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పైలట్ ట్రైనింగ్‌లో చేరిన మన ముగ్గురు పిల్లలకు ఉగాది సన్మానంలో శాలువాతో పాటు ఎలక్ట్రానిక్ ఫ్లైట్ కంప్యూటర్ ఇవ్వాలని కమిటీ అనుకుంది. మేము నలుగురం వద్దన్నాం. చేత్తో తిప్పే చక్రం ఇవ్వమన్నాం. అంతే, గ్రూపులో మాకు బిరుదులు మొదలు. బెంగళూరులో ఉండి ఎడ్లబండి తోలేవాళ్ళమట. సరే, తోలుతాం. ముందు మా లెక్క వినండి.

ఆ చక్రాన్ని ఈ6బీ అంటారు. 1930లలో అమెరికా నేవీకి చెందిన ఫిలిప్ డాల్టన్ దానికి రూపమిచ్చాడు. ఒక పక్క గుండ్రటి స్లైడ్ రూల్ ఉంటుంది. వేగం, దూరం, కాలం, ఇంధనం దాని మీద తేలుతాయి. రెండో పక్క గాలి లెక్క. బ్యాటరీ లేదు కాబట్టి మధ్యలో ఆగిపోదు, కానీ అది చిన్న కారణం. స్లైడ్ రూల్ దశాంశం చెప్పదు, అదీ అసలు కారణం. 12 అన్న గీత 1.2 కావచ్చు, 120 కావచ్చు. ఏదన్నది పిల్లే తేల్చుకోవాలి. అంటే చక్రం ముట్టకముందే జవాబు సుమారుగా తలలో ఉండాలి. 90 నాట్ల గ్రౌండ్ స్పీడుతో 60 నాటికల్ మైళ్ళకు గంట పట్టదు, అరగంట చాలదు. చక్రం 40 నిమిషాలు చూపిస్తే సరిపోయింది. యంత్రంలో పొరపాటున 90కి బదులు 9 కొట్టండి, 400 నిమిషాలని మొహమాటం లేకుండా చెబుతుంది.

గాలి పక్క చూడండి. తూర్పుకు 090 కోర్సు, ట్రూ ఎయిర్‌స్పీడ్ 100 నాట్లు, ఉత్తరం నుంచి 20 నాట్ల గాలి. విమానం ముక్కును ఎడమకు పదకొండు, పన్నెండు డిగ్రీలు తిప్పాలి. హెడింగ్ 078 దగ్గర, గ్రౌండ్ స్పీడు 98. పెన్సిల్ చుక్క ఎటు జరిగిందో కళ్ళారా చూసిన పిల్ల, కూడాలా తీసెయ్యాలా అని తడబడదు. తెర మీద 078 అని చదివిన పిల్లకు అది ఎందుకొచ్చిందో ఎవరు చెబుతారు?

"ఇప్పుడందరూ ట్యాబ్ చూసి ఎగురుతున్నారు కదా" అని ఒక పెద్దాయన రాశారు. నిజమే సార్. ట్యాబ్ వద్దని మేమెక్కడా అనలేదు. ట్యాబ్ తప్పు చెప్పినప్పుడు తప్పని పట్టుకోవడానికి పిల్లకు ఏదో ఒకటి ఉండాలి కదా. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఆ గంటల కోసం ఇంట్లో బంగారం బ్యాంకుకు పోతోంది. సంఘం ఇచ్చే వస్తువు ఫోటోలో బాగుంటే చాలదు.

చక్రాల్లోనూ మోసపోవచ్చు. రెండేళ్ళ కింద చవకగా వచ్చిందని మేమే ఒక పాపకు ప్లాస్టిక్‌ది కొనిచ్చాం. ఒక్క మధ్యాహ్నం ఎండలో కారు డాష్‌బోర్డు మీద ఉండిపోయింది. వంగి, చక్రం బిగుసుకుపోయింది. ఆ పాప మాకు ఒక్క మాట చెప్పలేదు. టైలర్ పని చేసే వాళ్ళ నాన్న అప్పు చేసి ఇంకోటి కొన్నాడని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే మాకు తల దించుకోవాలనిపిస్తుంది.

కాబట్టి మంచి సరుకు చూడాలి. సీఆర్‌పీ-1 చిన్న విమానాలకు చాలు. సీఆర్‌పీ-5లో 300 నాట్లు దాటే వేగాలకు కావలసిన సవరణ కూడా ఉంటుంది, ఎయిర్‌లైన్ దాకా పోయే పిల్లలకు అది ఒక్కసారి కొంటే సరి. జేబులో పట్టే సీఆర్-2 ముచ్చటగానే ఉంటుంది, కానీ దాని గాలి లెక్క వేరే తీరు. ఇంకో సంగతి. అమెరికా వీడియోల్లో గాలి చుక్కను కేంద్రం నుంచి పైకి పెడతారు, బ్రిటిష్ పద్ధతిలో కిందికి. రెండూ సరైనవే. సగం అది, సగం ఇది కలిపితేనే హెడింగ్ తలకిందులు. ఇన్‌స్ట్రక్టర్ ఏది నేర్పితే దానికే కట్టుబడమనండి.

ఆదివారం కమిటీ మళ్ళీ కూర్చుంటోంది. ఆ ముగ్గురు పిల్లల్నీ పిలిపించండి. వాళ్ళ క్లాసులో ఏది వాడుతున్నారో అడుగుదాం. ఇన్నాళ్ళ గొడవలో ఆ ఒక్క మాట వాళ్ళను ఎవరూ అడగలేదు, మేము కూడా.