కాపరి అలసటను ఎవరు కొలుస్తారు?

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు రాత్రీ పగలూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్యను ఊహించుకోవచ్చు. ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చినవారిని కూడా కలుపుకుంటే ఇది వలస కార్మికుల నగరం. ఇలాంటి చోట కష్టం వచ్చినప్పుడు తమ భాషలో పలకరించే మనిషి ఒకరు కావాలి. కొందరికి ఆ మనిషి కులసంఘం పెద్ద, కొందరికి పూజారి, కొందరికి ఇమామ్. క్రైస్తవులకు పాస్టర్.

2011 జనగణన ప్రకారం గుజరాత్ జనాభాలో క్రైస్తవులు దాదాపు అర శాతమే. చిన్న సంఘంలో ప్రసంగం చేసేదీ, పాట ఎత్తుకునేదీ, లెక్కలు రాసేదీ చాలాసార్లు ఒకే మనిషి. పన్నెండు గంటల షిఫ్టు దిగిన కార్మికుడికి మాట్లాడే తీరిక రాత్రి పదింటికి గానీ దొరకదు. అందుకే ఆ పాస్టర్ ఫోను అప్పుడే మోగుతుంది. ఒకరికి ఉద్యోగం పోయింది, ఒకరి ఇంట్లో తాగుడు గొడవ, ఒకరి బిడ్డ ఆసుపత్రిలో ఉంది. 'అయ్యగారూ, ఒక్కసారి ప్రార్థన చేయండి' అన్న మాటకు 'ఇప్పుడు కుదరదు' అనే జవాబు ఉండదు. మర్నాడు ఉదయం సమాధి కార్యక్రమం, సాయంత్రం పుట్టినరోజు కూటం. ఒకచోట కన్నీళ్లతో, మరోచోట చిరునవ్వుతో నిలబడాలి. ఇంతమంది దుఃఖం విన్న మనిషి తన దుఃఖం ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ప్రశ్నకు మన సమాజంలో సాధారణంగా దొరికే జవాబు 'దేవుడికి' అని. విశ్వాసం ఉన్నవారికి అది నిజమైన జవాబే కావచ్చు. కానీ అంతటితో ఆపేస్తే ఒక సంగతి మరుగున పడిపోతుంది. పాస్టర్ చేసేది సేవే అయినా, శరీరానికీ మెదడుకీ సంబంధించినంతవరకు అది పని కూడా. పని అయినప్పుడు దానికి వృత్తిపరమైన ఆరోగ్య సమస్యలు ఉంటాయి. నేత కార్మికుడి చెవికి మగ్గం చప్పుడు చేసే హాని ఎలాంటిదో, పాస్టర్ మనసుకు నిరంతరం ఇతరుల బాధ మోయడం చేసే హాని అలాంటిది. చెవుడు వచ్చిన కార్మికుడిని 'నీకు భక్తి తక్కువ' అని ఎవరూ నిందించరు. కుంగిపోయిన పాస్టర్‌ని మాత్రం ఆ మాట అంటారు. చాలాసార్లు అతనే తనను తాను అలా అనుకుంటాడు.

లోపలి భావం ఏదైనా, పని కోరిన భావాన్ని ముఖం మీద చూపించాల్సి రావడాన్ని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో 'భావోద్వేగ శ్రమ' అని పేర్కొన్నారు. ఆమె ముఖ్యంగా గమనించింది విమాన సిబ్బందిని. చిరునవ్వు వారి ఉద్యోగంలో భాగం. పాస్టర్‌కైతే ధైర్యంగా కనిపించడమే ఉద్యోగంలో భాగం. విమానం దిగాక ఆ చిరునవ్వు తీసేయవచ్చు. సంఘం మధ్యలోనే కాపురం ఉండే పాస్టర్‌కు ఆ వెసులుబాటు తక్కువ. పాస్టరమ్మ, పిల్లలు కూడా అదే చూపుల మధ్య బతుకుతారు.

దీని జీవశాస్త్రం కొత్తదేమీ కాదు. ఒత్తిడి ఎదురైనప్పుడు అధివృక్క గ్రంథులు కార్టిసాల్, అడ్రినలిన్ విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ఆపద తొలగగానే ఈ వ్యవస్థ శాంతించాలి. ఒక ఫోను తర్వాత మరో ఫోను వస్తుంటే అది పూర్తిగా శాంతించదు. శరీరం మీద ఇలా పేరుకునే అరుగుదలను బ్రూస్ మెక్‌యువన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో 'అలోస్టాటిక్ భారం' అన్నారు. నిద్ర చెడిపోవడం, రక్తపోటు, చిరాకు, దేని మీదా ఆసక్తి లేకపోవడం దాని ఆనవాళ్లలో కొన్ని. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 వర్గీకరణలో 'బర్నౌట్'ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. శక్తి అడుగంటిపోవడం, పని పట్ల మనసు విరిగిపోవడం, పనిలో సామర్థ్యం తగ్గినట్టు అనిపించడం దాని మూడు లక్షణాలు. కుంగుబాటు దీనికంటే వేరైనది. అది వైద్యం అవసరమయ్యే జబ్బు. అయితే బర్నౌట్‌ను పట్టించుకోకపోతే కుంగుబాటు దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

పాస్టర్ల విషయంలో దీన్ని జాగ్రత్తగా కొలిచిన అధ్యయనం అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానిది. 2008లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని యునైటెడ్ మెథడిస్ట్ పాస్టర్లను సర్వే చేస్తే 1,726 మంది, అంటే దాదాపు 95 శాతం మంది స్పందించారు. ఫోనులో ప్రశ్నించిన వారిలో 8.7 శాతం మందికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. అదే పద్ధతిలో కొలిచిన దేశ సగటు 5.5 శాతం. ఉద్యోగ ఒత్తిడితో పాటు, 'నేను చేయాల్సినంత చేయడం లేదు' అన్న అపరాధ భావం, తన పిలుపు మీదే సందేహం ఈ లక్షణాలతో ముడిపడి ఉన్నాయి. చేసే పనిలో తృప్తి ఉన్నవారికి, డబ్బు ఇబ్బంది లేనివారికి ముప్పు తక్కువగా ఉంది. ఈ పాస్టర్లలో స్థూలకాయం, మధుమేహం, అధిక రక్తపోటు కూడా తోటి రాష్ట్రవాసుల కంటే ఎక్కువే. అయినా తమ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, రోజువారీ పనులు బాగానే చేసుకుంటున్నామని చాలామంది జవాబిచ్చారు. ఇతరుల నొప్పిని పసిగట్టడంలో ఆరితేరినవారు తమ నొప్పిని గుర్తించడంలో వెనకబడ్డారన్నమాట.

ఆ శాతాలను తెచ్చి సూరత్‌కు అతికించడం శాస్త్రం కాదు. కానీ ఆ ఫలితాల వెనక ఉన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. శ్రమకూ ప్రతిఫలానికీ పొంతన లేనప్పుడు ఆరోగ్యం దెబ్బతింటుందని యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించారు. కరోలినా మెథడిస్ట్ పాస్టర్‌కు నెల జీతం, ఆరోగ్య బీమా, వెనక ఒక పెద్ద సంస్థ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఇదే సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ కోఠీలో ఉన్న హెన్రీ లార్డ్ వంటి మతగురువులకు సైతం కంపెనీ జీతం, సహోద్యోగులతో కలిసి భోజనం చేసే బల్ల ఉండేవి. కానుకల మీద ఆధారపడిన నేటి చిన్న సంఘం పాస్టర్‌కు ఇవేవీ ఉండవు. మగ్గాలు ఆగిన నెలలో కానుకల పెట్టె తేలికవుతుంది. సరిగ్గా ఆ నెలలోనే ప్రార్థన కోరే ఫోన్లు పెరుగుతాయి.

'ప్రార్థన చేసేవారికి కుంగుబాటు ఎలా వస్తుంది?' అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. విశ్వాసం, సంఘ జీవితం మానసిక ఆరోగ్యానికి తోడ్పడతాయని చూపిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటిని తోసిపుచ్చనక్కర్లేదు. కానీ విశ్వాసం ఏ రూపంలో ఉందన్నది కూడా ముఖ్యమే. కెన్నెత్ పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో చేరిన దాదాపు 600 మంది పెద్దవయసు రోగులను రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు తనను శిక్షిస్తున్నాడని, విడిచిపెట్టేశాడని మథనపడినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. కుంగిన పాస్టర్‌తో 'నీలో ఏదో పాపం ఉంది' అని చెప్పడం వల్ల ఏ రకం ఆలోచన బలపడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

క్రైస్తవ సంప్రదాయంలోనే దీనికి భిన్నమైన దృష్టి ఉంది. తెలుగు ప్రసంగాల్లో తరచూ వినిపించే చార్లెస్ స్పర్జన్ తన కుంగుబాటును దాచుకోలేదు. 1856లో ఆయన ప్రసంగిస్తున్న లండన్ సంగీతశాలలో ఎవరో 'మంటలు' అని అబద్ధపు కేక వేస్తే జరిగిన తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఆ గాయం ఆయనను చాలాకాలం వెంటాడింది. తర్వాతి కాలంలో తన దగ్గర చదువుకునే పాస్టర్లకు ఈ కుంగుబాటు గురించే ప్రత్యేకంగా ఉపన్యసించారు. బైబిలులో ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు అతనికి ముందుగా దొరికింది మందలింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు. నేటి వైద్యుడు కూడా మొదట నిద్ర గురించి, తిండి గురించే అడుగుతాడు.

మరి చేయాల్సిందేమిటి? ఈ విషయంలో సూరత్‌కు సొంత పాఠమే ఒకటి ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ నగరం విడిచి పారిపోయారు. 50 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత నగరం ఎవరి పాపమని వెతకలేదు. చెత్త ఎత్తింది, మురుగు కాలువలు బాగుచేసింది, జ్వరాల లెక్క రోజూ రాయడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మనిషిని నిందించడం మాని పరిస్థితిని మార్చడమే అక్కడ పనిచేసింది. పాస్టర్ల మానసిక ఆరోగ్యానికీ అదే దారి.

సంఘాలు వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వారంలో ఒక రోజు పాస్టర్‌కు నిజమైన సెలవు ఇచ్చి, ఆ రోజు ఫోను సంఘ పెద్దల్లో ఒకరు ఎత్తాలి. కానుకలు తగ్గిన నెలల కోసం చిన్న నిధి ఉండాలి. వేర్వేరు సంఘాల పాస్టర్లు నెలకొకసారి కలిసి తమ కష్టం చెప్పుకునే చోటు కావాలి. అక్కడ విన్నది బయటికి పోకూడదు. ఏడాదికొకసారి రక్తపోటు చూసినట్టే పీహెచ్‌క్యూ-9 వంటి ప్రశ్నావళితో మనసు స్థితినీ చూసుకోవాలి. గత రెండు వారాల గురించి అందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి. మొత్తం 27 పాయింట్లలో పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడిని కలవడం మంచిది. అది తీర్పు కాదు, థర్మామీటరు లాంటి సాధనం.

ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకూ ఇందులో లాభముంది. నిమ్హాన్స్ 2015-16లో గుజరాత్ సహా 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సాధారణ మానసిక సమస్యలున్న వారిలో 80 శాతానికి పైగా మందికి చికిత్స అందడం లేదు. వారిలో చాలామంది మొదట తలుపు తట్టేది మతగురువుదే. గుజరాత్‌లోనే మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' పేరుతో ప్రార్థన పక్కనే మానసిక వైద్య కేంద్రం నడిచింది. అక్కడి ముజావర్లు శిక్షణ పొంది రోగులను వైద్యుల దగ్గరికి పంపారు. ఇదే పని పాస్టర్లూ చేయగలరు. కానీ ఇతరులను వైద్యుడి దగ్గరికి పంపే మనిషి, తనకు అవసరమైనప్పుడు అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడితే ఆ సలహాకు విలువ ఉండదు.

2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును సంఘం గోడ మీద విశ్వాసుల కోసం రాసిపెట్టడం మంచి పని. అదే నంబరు పాస్టర్ ఫోనులో, ఆయన సొంత అవసరానికి కూడా ఉండాలి.