ఆటయే శిశువునకు అక్షరాభ్యాసము

2025 జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవమున మన రాష్ట్రము పక్షమున ఏటికొప్పాక లక్కబొమ్మల శకటము నడచినది. రాష్ట్రముల శకటములలో దానికి తృతీయస్థానము లభించినది. అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరమున నున్న యొక పల్లె చేతిపని దేశప్రజల కన్నులను ఆకర్షించుట మనకెల్లరకు సంతోషదాయకమే. అంకుడు కఱ్ఱను చిత్రికపట్టి, చెట్ల వేళ్ళనుండియు, బెరడునుండియు, గింజలనుండియు తీసిన రంగులను లక్కలో కలిపి చేయు నీ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ రంగుల విద్యను పునరుద్ధరించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యొక ప్రశ్న మిగిలియున్నది. బొమ్మ యెవరి కొఱకు పుట్టినది? శిశువు చేతిలో తిరుగుటకు పుట్టిన బొమ్మ పెద్దల గాజుబీరువాలలో అలంకారమై కూర్చున్నది; ఆ బొమ్మను పట్టుకొనవలసిన మూడేండ్ల చేతికి మనము పలకను, చారల పుస్తకమును అందించుచున్నాము.

ఈ మాట ఒక్క అనకాపల్లికే చెందినది కాదు. అయినను అనకాపల్లిని చూచిన విషయము స్పష్టపడును. దేశములోని పెద్ద బెల్లపు మార్కెట్లలో నొకటిగా పేరొందిన యీ పట్టణమున బెల్లపు వర్తకుడు, చెఱకు రైతు, గానుగకడ పనిచేయు కూలి, బండి తోలువాడు ఒకరిపై నొకరు ఆధారపడి బ్రదుకుచున్నారు. వీరి బిడ్డలు మాత్రము మూడవయేటనే వేఱుపడుచున్నారు. కలవారి పిల్లలు ఎల్‌కేజీ, యూకేజీ లనబడు ప్రైవేటు తరగతులకు పోవుదురు. లేనివారి పిల్లలు అంగన్వాడికి పోవుదురు. మొదటి చోట చాలబడులలో అక్షరములు, అంకెలు, ఇంటిపని గలవు, ఆటకు తీరిక లేదు. రెండవచోట గ్రుడ్డు, పాలు, అన్నము గలవు. ఆట ఆడించు పంతులమ్మకు తీరిక లేదు. ఇరుచోట్లను శిశువు నష్టపోవుచున్నాడు. ఇరువురును కలిసి ఆడుకొను భాగ్యము పోవుట మూడవ నష్టము. మా యభిప్రాయమున అదియే పెద్ద నష్టము.

ఆట యనగా కాలక్షేపమని పెద్దలు తలచుచుందురు. శిశువునకు అది పని. నలుగురు పిల్లలు చెక్కముక్కలతో గోపురము కట్టునప్పుడు ఏది బరువైనదో, ఏది అడుగున నుండవలెనో, ఎన్ని ముక్కలు చాలునో తమంతట తాము తెలిసికొందురు. ఉత్తుత్తి అంగడి పెట్టి చింతపిక్కలతో బెల్లము కొని యమ్ముకొనునప్పుడు లెక్కయు, బేరమాడు మాటయు, నమ్మకమును ఒక్కమాఱే నేర్తురు. వామనగుంటల పీటకడ కూర్చున్న యాఱేండ్ల పిల్ల పదునాలుగు గుంటలలో గింజలు ఒక్కొక్కటిగా వేయుచు, చేతిలోనివి ఎక్కడ నయిపోవునో ముందుగ ఊహింపజూచును. కూడికయు తీసివేతయు పలకమీదికి రాకముందే ఆమె వ్రేళ్ళలోనికి వచ్చుచున్నవి. చెమ్మచెక్కలో తాళము, ఒప్పులకుప్పలో ఒకరిచేతిని ఒకరు విడువకుండుట, దాగుడుమూతలలో తన వంతు వచ్చువఱకు కన్నులు మూసికొని ఓపికపట్టుట — ఇవన్నియు పాఠములు కాక మఱేమి?

అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. ఆటకు నియమమున్నది, ఆ నియమమును పెట్టువారును, పాటించువారును పిల్లలే. ఒకడు తొండి చేసినచో తక్కినవారు ఆట నాపి తగవు తీర్చుకొందురు. ఏడ్చినవానిని మరల పిలుచుకొందురు. ఆట ముగిసిన పిమ్మట బొమ్మలను కలిసి బుట్టలో సర్దుదురు. పంతులమ్మ అందఱను గుండ్రముగ కూర్చుండబెట్టి, ఒక్కొక్కరి పేరు పిలిచి, నేడు ఎవరు రాలేదని యడిగినప్పుడు, రానివానిగూర్చి తలచుకొనుట తక్కినవారు నేర్తురు. పౌరధర్మమనునది పదవతరగతి పుస్తకములో పుట్టదు, ఇక్కడ పుట్టును. వర్తకుని బిడ్డయు కూలివాని బిడ్డయు ఒకే ఇసుకకుప్పలో గూళ్ళు కట్టని ఊరిలో, పెద్దయిన పిదప వారిరువురకు నడుమ సమభావము ఎక్కడనుండి వచ్చును?

ఇది మనకు క్రొత్తగా విదేశములనుండి దిగుమతియైన మాట కాదు. ఫ్రోబెల్ జర్మనీలో 1837లో శిశువుల బడి నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అని పేరుపెట్టిన మాట నిజమే. కాని 1920లోనే గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును స్థాపించి బెత్తమును వెలివేసెను. మాంటిసోరీ 1939లో మద్రాసునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చినది. తారాబాయి మోడక్ 1945లో బొర్డీ గ్రామమున బాలవాడిని తెఱచి, ఖరీదైన పరికరములకు మాఱుగా ఊరిలో దొరకు ఆకులు, గింజలు, గవ్వలు చాలునని నిరూపించినది. బిడ్డలు బడికి రాలేనిచో బడియే వారి ముంగిటికి పోవలెనన్నది ఆమె మార్గము.

ఇటలీలో రెజ్జో ఎమీలియాకడ నొక పల్లెవారు 1945లో యుద్ధము ముగిసినవెంటనే, శత్రుసేన విడిచిపోయిన ట్యాంకును, లారీలను, గుఱ్ఱములను అమ్మి, ఆ సొమ్ముతో తమ చేతులతోనే శిశుపాఠశాల కట్టుకొనిరి. ప్రభుత్వముకొఱకు కాచుకొనలేదు. అమెరికాలో యిప్సిలాంటి పట్టణమున 1962లో 123 మంది పేదపిల్లలతో మొదలిడిన పరిశీలన వారి నలువదవయేటివఱకు సాగినది. ఆటపాటలతో శిశువిద్య పొందినవారికి తెలివి పరీక్షలలో మొదట వచ్చిన ఆధిక్యము కొన్ని యేండ్లకే కరగిపోయినది. కాని పెద్దయిన పిదప ఉద్యోగమున నిలుచుటలోను, నేరములకు దూరముగ నుండుటలోను వారే మిన్న యని తేలినది. నిలిచినది అక్షరము కాదు, నడవడి.

ఇక మన ప్రభుత్వముల వైఖరి యెట్లున్నది? శిశువికాస పథకము 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. దాని ఆఱు సేవలలో శిశువిద్య యొకటి. 2002లో చేసిన 86వ సవరణచే, ఆఱేండ్లు నిండువఱకు శిశువుల సంరక్షణకును విద్యకును రాజ్యము ప్రయత్నింపవలెనని రాజ్యాంగము 45వ అధికరణము చెప్పుచున్నది. ప్రయత్నింపవలెను — అంతియే! 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱేండ్లకు పైబడినవారికి హక్కు నిచ్చి, మూడేండ్లు దాటినవారికి ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రము పలికినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్లవఱకు ఒకే పునాదిదశగా గుర్తించుట మెచ్చదగినది. 2022లో వెలువడిన పాఠ్యప్రణాళిక ఆటకు పెద్దపీట వేసినది. 2023లో బొమ్మలపెట్టెయు వచ్చినది. కాగితముపై కొఱత లేదు.

కొఱత మనుష్యులయందున్నది. పోషకాహారము పంచుట, బరువులు తూచుట, టీకాల లెక్క, గర్భిణుల లెక్క, ఫోనులో నమోదులు — ఇవన్నియు ముగిసినపిమ్మట మిగిలిన కాలమున అంగన్వాడి కార్యకర్త పంతులమ్మ కావలెనట! వేతనములు పెంచుమని మన రాష్ట్రమున వారు 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు సమ్మె చేసిరి. నడుమ ప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును వారిపై ప్రయోగించినది. సేవ అత్యవసరమే యైనచో సేవకురాలి జీవనము అత్యవసరము కాకపోవునా? వీరికి గ్రాట్యుటీ చెల్లునని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చుటయే మన సిగ్గునకు సాక్ష్యము.

తలిదండ్రుల భయమును మేమెఱుగకపోలేదు. లోకమంతయు పోటీగా నున్నప్పుడు మా బిడ్డ ఆటలలో కాలము పోగొట్టిన వెనుకబడడా యని వారందురు. చెఱకు సాగుచేయు రైతునకు దీని సమాధానము చెప్పనక్కఱలేదు. పక్వమునకు రాని చెఱకును ముందుగ నఱికి గానుగ కాడించినచో రసము దిగును, బెల్లము కట్టదు. ఫిన్లండు దేశమున బిడ్డలు ఏడవయేటగాని మొదటితరగతిలో చేరరు. ఆ దేశము విద్యలో వెనుకబడినదని యెవ్వరును అనలేదు.

కావున చేయవలసినవి కొన్ని గలవు. ప్రతి అంగన్వాడికి బోధనకే ప్రత్యేకించిన యొక శిక్షితురాలిని ప్రభుత్వము నియమింపవలెను. జిల్లాలో చేయబడు లక్కబొమ్మలను జిల్లాలోని శిశుకేంద్రములకే మొదట కొనవలెను. పనివానికి పని, బిడ్డకు బొమ్మ దొరకును. ఊరి భూస్వాములును, బెల్లపు వర్తకులును ఒక నీడగల స్థలమును, ఒక ఇసుకకుప్పను, నీటివసతిని కల్పించుట పెద్ద వ్యయము కాదు. అన్నింటికంటె కష్టమైనది, అన్నింటికంటె అవసరమైనది మఱొకటి: వారానికొక్కదినమైనను తమ బిడ్డలను ఆ ముంగిటికి పంపి, ఊరిబిడ్డలందఱతో ఆడనీయవలెను. మన బిడ్డ లేనిచోట మన శ్రద్ధ యుండదు. మన బిడ్డయు అక్కడ కూర్చున్ననాడు ఆ కప్పు కారుట మన కంటబడును. ఆ పంతులమ్మ జీతము మన ప్రశ్న యగును.

ఢిల్లీ వీథిలో మన బొమ్మకు బహుమానము వచ్చినది. మన పసివాని చేతికి ఆ బొమ్మ ఎన్నడు వచ్చునో నిర్ణయింపవలసినవారు ఢిల్లీలో లేరు, మనయూరనే యున్నారు.