పన్ను కట్టనివాళ్ళు ఎక్కడున్నారు?

దేశంలో పన్ను కట్టేది పిడికెడు మందేననీ, వాళ్ళ సొమ్ముతోనే మిగతావాళ్ళకు రేషన్ బియ్యం, పింఛన్లు, ఉచిత బస్సు ప్రయాణం అందుతున్నాయనీ ఒక వాదన తెలుగు నేల మీద బాగా పాతుకుపోయింది. సంక్షేమ పథకం ఏది ప్రకటించినా ఈ మాట లేస్తుంది. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. ఈ వాదన తప్పు. ఆదాయపు పన్ను ఒక్కటే పన్ను అనుకోవడం దీనికి మూలం. 2024-25లో వసూలైన స్థూల జీఎస్టీ 22 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అందులో అధిక భాగం కొనుగోలుదారుల జేబుల్లోంచి వచ్చినదే. ఆ కొనుగోలుదారుల్లో కూలీలున్నారు, కౌలు రైతులున్నారు, పింఛను మీద బతికే వృద్ధులూ ఉన్నారు.

2017 జూలై 1న అమల్లోకి వచ్చిన జీఎస్టీలో మొదట 5, 12, 18, 28 శాతాల శ్లాబులు ఉండేవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువులు 5 లేదా 18 శాతం కిందికి వచ్చాయి; శీతల పానీయాల వంటి కొన్నింటి మీద 40 శాతం వేశారు. ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు ఇప్పుడు 5 శాతంలో ఉన్నాయి. వంటనూనె, పంచదార, టీ పొడి, ఇంటి గ్యాస్ సిలిండర్ మీద మొదటి నుంచీ అంతే. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, సెల్‌ఫోన్ రీచార్జి మాత్రం 18 శాతంలోనే ఉండిపోయాయి. ఒళ్ళు రుద్దుకునే సబ్బుకు 5, బట్టలు ఉతికే సబ్బుకు 18 వేయడంలోని న్యాయమేమిటో ఆ రేటు నిర్ణయించినవాళ్ళే చెప్పాలి.

ఈ పన్ను కంటికి కనిపించకపోవడానికి కారణం ఎమ్మార్పీ. ప్యాకెట్ మీద ముద్రించే గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉండాలన్నది నిబంధన. అందులోంచి పన్నును విడదీయడం తేలికే, కానీ చాలామంది ఇక్కడే పొరబడతారు. 118 రూపాయల డిటర్జెంట్ ప్యాకెట్‌లో 18 శాతం అంటే 21.24 రూపాయలు అనుకుంటారు. పన్ను పడేది అసలు ధర మీద. కాబట్టి ధరను 118తో భాగించి 18తో హెచ్చించాలి. వచ్చేది 18 రూపాయలే. 5 శాతం వస్తువైతే 105తో భాగించి 5తో హెచ్చించాలి. 299 రూపాయలకు ఫోన్ రీచార్జి చేయించుకున్న కూలీ 45.61 రూపాయలు జీఎస్టీ కట్టినట్టు. ఆ రోజు అతను ఆదాయపు పన్ను కట్టలేదన్నది నిజమే, పన్ను కట్టలేదన్నది మాత్రం అబద్ధం.

ఒక కుటుంబం నెల ఖర్చునే తీసుకుందాం. రీచార్జి 299, బట్టల సబ్బు, డిటర్జెంట్ కలిపి 200. ఈ 499 రూపాయల్లో పన్ను 76.12. నూనె, పంచదార, టీ పొడికి 1,500, గ్యాస్‌కు 900, ఒంటి సబ్బు, పేస్టు, తలనూనెకు 300, బట్టలకు, చెప్పులకు 800. 5 శాతం రేటున ఈ 3,500లో పన్ను 166.67. మొత్తం నెలకు దాదాపు 243 రూపాయలు, ఏడాదికి 2,900 పైచిలుకు. రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్టులో కొంటే ఆ కొట్టు లాభం మీద పన్ను పడదు గనుక లెక్క కొంచెం తగ్గవచ్చు. హోల్‌సేల్ వ్యాపారి దాకా పడిన పన్ను ధరలోనే ఉంటుంది. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు కాబట్టి వాటి మీద పడే కేంద్ర ఎక్సైజ్ సుంకం, రాష్ట్ర వ్యాట్ ఈ లెక్కకు అదనం.

రేటు తగ్గితే ఏం జరుగుతుందో పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌లో చూడవచ్చు. 18 శాతం ఉన్నప్పుడు దాని అసలు ధర 8.47 రూపాయలు. 5 శాతానికి దిగాక దాన్ని 8.90కి అమ్మాలి. అంత చిల్లర ఎవరూ ఇవ్వలేరు గనుక పది రూపాయల ధరే ఉంచి బరువు పెంచడం ఒక దారి. అలాగైతే ప్యాకెట్ బరువు 12 శాతం పైగా పెరగాలి. పెరిగిందో లేదో తేలాలంటే పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ పక్కపక్కన పెట్టుకుని గ్రాములు చదవాలి. చిన్న ప్యాకెట్ల మీద నడిచే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? పన్ను ఉందని తెలియనివాళ్ళకు అది తగ్గిన సంగతీ తెలియదు.

పేదలు తినే బియ్యం, కూరగాయలు, పాల మీద పన్నే లేదు కదా అన్నది తరచూ వచ్చే ఎదురు ప్రశ్న. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసిన 25 కిలోల దాకా బియ్యం సంచి మీద 5 శాతం పన్ను ఉంది. తెలుగు రాష్ట్రాల బియ్యం దుకాణాల్లో 26 కిలోల బస్తాలు వెలిసింది అందుకే. నెలకింత అని ఒకేసారి బస్తా కొనగలిగినవాళ్ళు పన్ను తప్పించుకుంటారు. ప్యాక్ చేసిన అయిదు కిలోల సంచి కొనుక్కునేవాళ్ళు కడతారు. బస్తా బియ్యంలోనూ పన్ను పూర్తిగా లేకుండా పోదు. మిల్లరు ప్లాస్టిక్ సంచుల మీద, యంత్రాల విడిభాగాల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) రాదు, ఎందుకంటే అతను అమ్మే సరుకు మీద పన్ను లేదు. ఆ భారం ధరలో కలిసిపోతుంది.

ధనికులు ఎక్కువ కొంటారు గనుక జీఎస్టీ కూడా ఎక్కువే కడతారన్న మాటలో నిజముంది. రూపాయల్లో చూస్తే అంతే. ఆదాయంలో వాటాగా చూస్తే కథ మారుతుంది. నెలకు 15,000 వచ్చే ఇంట్లో దాదాపు అంతా ఖర్చయిపోతుంది. లక్షన్నర వచ్చే ఇంట్లో కొంత పొదుపులోకి, కొంత స్థలాల్లోకి పోతుంది. వాటి మీద జీఎస్టీ లేదు. పైగా 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదు. నెలకు లక్ష సంపాదించే ఉద్యోగిని ఎవరూ ఉచితాల మీద బతుకుతున్నాడని అనరు. ఆ మాట పడేది కూలీ ఒక్కడే.

ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకం మీద వచ్చే జీఎస్టీలో సగం రాష్ట్రానిది, సగం కేంద్రానిది. రీచార్జి మీద పడే 18 శాతంలో 9 శాతం రాష్ట్ర ఖజానాకే చేరుతుంది. పింఛను ఇచ్చేది ఆ ఖజానాయే, బస్సు టికెట్ సొమ్ము ఆర్టీసీకి చెల్లించాల్సిందీ ఆ ఖజానాయే. పింఛను తీసుకునే వృద్ధురాలు మందులు కొన్నప్పుడు, టీ పొడి కొన్నప్పుడు అందులో తన వంతు వేస్తూనే ఉంది. సంక్షేమ పథకాలు బాగున్నాయా, దుబారానా అన్నది వేరే చర్చ, అది జరగాల్సిందే. ఆ చర్చలో మా పన్ను అనే హక్కు ఆమెకూ ఉంది.