ఏ కంప్యూటర్‌కు ఏ లినక్స్? జిల్లాయే తేల్చి చెప్పాలని వినతి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

విషయం: ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ల్యాబుల్లోని పాత కంప్యూటర్లకు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులకు తగిన లినక్స్ వెర్షన్లను జిల్లా స్థాయిలో ఎంపిక చేసి, సరిచూసిన కాపీలను బడులకు అందించాలని కోరుతూ.

ఆర్యా,

మేము ఉన్నత పాఠశాలల్లో లెక్కలు, సైన్సు చెబుతూ, దాంతోపాటు కంప్యూటర్ ల్యాబు బాధ్యత కూడా చూస్తున్న ఉపాధ్యాయులం. కొందరు పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ వినతి మీద సంతకాలు చేశారు.

విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలి. మా ల్యాబుల్లో ఉన్నవి ఎక్కువగా నాలుగో తరం, ఆరో తరం ఐ3లు. కొన్నిచోట్ల అంతకంటే పాతవైన కోర్ 2 డుయోలు కూడా ఉన్నాయి. అందుకని వీటన్నిటినీ కండెమ్ చేసేద్దామన్న మాట కాంప్లెక్స్ సమావేశాల్లో వినబడుతోంది. ఆ పని చేసేముందు ఒక్కసారి మా మాట వినండి. వీటిలో చాలావరకు విండోస్‌కు బదులు తగిన లినక్స్ వేస్తే ఇంకో నాలుగైదేళ్ళు పిల్లలకు పనికొస్తాయి.

‘లినక్స్ వేసుకోండి’ అని ఒక సర్క్యులర్ పంపి ఊరుకుంటారేమోనన్నదే మా భయం. లినక్స్ అంటే ఒకటి కాదు. డెబియన్, ఉబుంటు, మింట్, లుబుంటు, బాస్, ఎంఎక్స్ ఇలా పదులకొద్దీ ఉన్నాయి. ఒక్కోదానిలో మళ్ళీ వెర్షన్లు, ఒక్కో వెర్షన్‌లో వేర్వేరు డెస్క్‌టాప్‌లు. ఎవరికి తోచింది వాళ్ళు వేసుకుంటే ఒక మండలంలోనే ఏ రెండు బడుల స్క్రీన్లూ ఒకేలా ఉండవు. ఉపాధ్యాయుడు బదిలీ అయితే కొత్త బడిలో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇక శిక్షణ దేని మీద ఇస్తారు?

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. సిస్టమ్ మొరాయిస్తే హెచ్‌ఎం గారు టౌనులో ఉన్న మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. ఆయన జేబులో పెన్‌డ్రైవ్ పెట్టుకుని వస్తాడు. అందులో ఏ వెర్షన్ ఉందో, ఎక్కడ దించుకున్నాడో అడిగేవాళ్ళు ఉండరు. బిల్లు మీద ‘ఓఎస్ ఇన్‌స్టలేషన్’ అని ఒక్క ముక్క ఉంటుంది. మా ఎరుకలో ఒక బడిలో అలా వేసింది అప్పటికే సపోర్టు అయిపోయిన పాత వెర్షన్. కొన్నాళ్ళకు బ్రౌజరు అప్‌డేట్ కాలేదు, శాఖ పోర్టల్ తెరుచుకోలేదు, ‘లినక్స్ అంటే ఇంతే’ అన్న పేరు మాత్రం మిగిలింది.

కాబట్టి మా ప్రధానమైన కోరిక ఇది: జిల్లాలోని యంత్రాలను మూడు నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కటే వెర్షన్‌ను పేరు, నంబరుతో సహా ప్రకటించాలి.

విడదీసేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త అవసరం. పాత కోర్ 2 డుయోల మీద తరచుగా 32 బిట్ విండోస్ 7 ఉంటుంది. ప్రాపర్టీస్‌లో ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్’ అని కనబడగానే యంత్రమే 32 బిట్‌దని అనుకుని, దీనికి కొత్తదేదీ ఎక్కదని స్టాక్ రిజిస్టర్‌లో రాసేస్తున్నారు. ఆ వరుస చెప్పేది అందులో వేసిన విండోస్ గురించి, ప్రాసెసర్ గురించి కాదు. కోర్ 2 డుయో 2006లో వచ్చిన రోజు నుంచీ 64 బిట్‌దే. పరీక్ష చాలా తేలిక. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే 64 బిట్ లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేయాలి. డెస్క్‌టాప్ వచ్చిందంటే సందేహమే లేదు, హార్డ్ డిస్కులో ఉన్నదేదీ చెరిగిపోదు కూడా. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో అప్పుడే చూసుకోవచ్చు. ఈ పరీక్ష జరగకుండా ఏ కంప్యూటర్‌నూ కండెమ్ జాబితాలో చేర్చవద్దని ఆదేశించండి.

నిజంగా 32 బిట్‌వే అయినవి కొన్ని మిగులుతాయి. వాటి కోసం మేము పోట్లాడటం లేదు. ఉబుంటు 2017లోనే వాటికి డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరే లేదు. డెబియన్ 12 ఒక్కటి 2028 జూన్ దాకా ఆదుకుంటుంది. నెట్ లేకుండా టైపింగుకు వాడుకోవాలంటే అది చాలు. లేదంటే గౌరవంగా కండెమ్ చేసేయండి.

64 బిట్ యంత్రాల్లో 4 జీబీ ర్యామ్ ఉన్నవాటికి ఏది పెట్టాలన్నది మీ సాంకేతిక సిబ్బంది తేల్చాల్సిన విషయం. మా వైపు నుంచి ఒక్క షరతు: సపోర్టు కాలం చూసి ఎంచాలి, అందం చూసి కాదు. లుబుంటు 24.04 తేలికైనదే, కానీ దాని సపోర్టు మూడేళ్ళే, 2027 ఏప్రిల్‌తో సరి. అదే ఉబుంటు 24.04 పునాది మీద వచ్చిన లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈకి 2029 దాకా ఉంది. డెబియన్ 13కు మూడేళ్ళు పూర్తి సపోర్టు, ఆపైన రెండేళ్ళు దీర్ఘకాల సపోర్టు (ఎల్‌టీఎస్). ఏడాదికోసారి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే మనిషి బడిలో ఉండడు గనుక ఈ తేడా మాకు చాలా పెద్దది. మన దేశంలో సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్‌నే పెట్టాలన్న వాదన కూడా ఉంది. దానికి మేము వ్యతిరేకం కాదు. అదీ డెబియన్ మీద కట్టిందే కాబట్టి, అడుగున ఉన్న డెబియన్ వెర్షన్‌కు ఇంకా ఎన్నేళ్ళ ఆయుష్షుందో చూసి నిర్ణయించండి.

ఇక డౌన్‌లోడ్ సంగతి. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ సుమారు 6 జీబీ. బడికి నెట్ ఉన్నా అది మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి ఏ 80 శాతం దగ్గరో తెగిపోతుంది. పట్టుబట్టి దించినా, ఫ్యాట్ 32లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. ఒకవేళ కాపీ అయినా బూట్ కాదు, దాన్ని రూఫస్, ఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఫైలు 1 జీబీ లోపే కదా అని దాన్ని దించుకుంటే, అది మిగతా సరంజామా అంతా ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు నెట్ నుంచి లాగుతుంది. నెట్ లేని బడిలో చివరికి డెస్క్‌టాప్ లేని నల్ల తెర మిగులుతుంది. చిన్న ఫైలని మురిసిపోయినవాళ్ళకు ఇది బాగా తెలుసు.

ఫైలు అసలుదో కాదో చూడటం ఇంకా ముఖ్యం. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సొంత వెబ్‌సైటులోకే దొంగలు చొరబడి, 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును తాము తయారు చేసిన కల్తీ ఐఎస్‌ఓ వైపు మళ్ళించారు. అసలు సైటులోనే ఇలా జరిగితే, ఎవరెవరి చేతులో మారి వచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఎలా నమ్మాలి? ప్రతి ఐఎస్‌ఓకూ 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ 256 సంఖ్య ఉంటుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఆ సంఖ్యల జాబితా మీద తయారుచేసినవాళ్ళ డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. సంతకం సరిచూడటం ప్రతి టీచరూ చేయగల పని కాదు, చేయనక్కరలేదు కూడా. జిల్లా స్థాయిలో ఒకసారి చూసి, ఆ 64 అక్షరాలను ఉత్తర్వులోనే అచ్చు వేస్తే చాలు. మేము మా కాపీని దానితో పోల్చుకుంటాం.

అందుకని ఎంపిక చేసిన ఐఎస్‌ఓలను జిల్లా సర్వర్‌లో ఉంచి, ప్రతి ఎంఈఓ కార్యాలయానికి ఒక హార్డ్ డిస్కు, ప్రతి ఉన్నత పాఠశాలకు వెంటాయ్ వేసిన 32 జీబీ పెన్‌డ్రైవ్ ఇవ్వమని కోరుతున్నాం. వెంటాయ్ ఉంటే ఐఎస్‌ఓలను మామూలు ఫైళ్ళలా అందులో వేసుకోవచ్చు, బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఏదో ఒకటి ఐఐటీ కాన్పూర్ లాగా లినక్స్ మిర్రర్ (ఫైళ్ళ నకళ్ళు ఉంచే సర్వర్) పెట్టడానికి ముందుకొస్తే జిల్లాకంతటికీ అప్‌డేట్ల బాధ తీరుతుంది.

చిన్న బోర్డుల లెక్క వేరు. టింకరింగ్ ల్యాబులున్న బడుల్లో రాస్ప్‌బెర్రీ పైలు పెట్టెల్లోనే ఉండిపోతున్నాయి. కంప్యూటర్‌కు పనికొచ్చే ఐఎస్‌ఓ వీటికి పనికిరాదు. ప్రాసెసర్ ఏఆర్‌ఎమ్, ఎస్‌డీ కార్డు మీద వేరే ఇమేజ్ రాయాలి. అందులోనూ మొదటి పై, పాత జీరో బోర్డులకు 32 బిట్ మాత్రమే ఎక్కుతుంది. పై 3 64 బిట్‌ను నడపగలదు గానీ 1 జీబీ ర్యామ్‌తో 32 బిట్టే నయం. పై 4, పై 5లకు నిశ్చింతగా 64 బిట్ వేయొచ్చు. పాత మాన్యువళ్ళలో యూజర్ ‘పై’, పాస్‌వర్డ్ ‘రాస్ప్‌బెర్రీ’ అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ యూజర్ లేదు, కార్డు రాసేటప్పుడో మొదటిసారి బూట్ అయినప్పుడో మనమే పెట్టుకోవాలి. ఇది తెలియక బోర్డు పాడైందని పక్కన పెట్టినవాళ్ళున్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డు చెడిపోకుండా సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయవచ్చు. ఈ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద తెలుగులో వేసి ప్రతి బోర్డుతో పాటు పంపండి.

ఇదే సందర్భంలో ఇంకొకటి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 బడుల్లో ఎన్‌కంప్యూటింగ్ పద్ధతిలో 50,000 సీట్లు పెట్టారు. ఒకే కంప్యూటర్ నుంచి చిన్న పెట్టెల ద్వారా పక్క మానిటర్లు నడిచేవి. ఆ పెట్టెలను బతికించమని అడగడం లేదు. కానీ అప్పటి మానిటర్లు, కీబోర్డులు కొన్నిచోట్ల ఇంకా పనిచేస్తున్నాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే అడాప్టరు ఒక్కటి కొనిస్తే వాటికి పై బోర్డులు తగిలించుకుంటాం.

తెలుగు లేని వెర్షన్ మాకు వద్దు. ఎంపిక చేసిన ప్రతి కాపీలో తెలుగు టైపింగుకు ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ముందే వేసి ఉండాలి. అందులో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులూ ఉన్నాయి కనుక చేయి తిరిగినవాళ్ళకు ఇబ్బంది రాదు. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు డెబియన్‌లో దొరుకుతాయి. పిల్లల కోసం జీకాంప్రి, స్టెలేరియం, కాల్జియం, పైథాన్‌కు థోనీ ఉండాలి. వీటన్నిటినీ ఒకచోట చేర్చడానికి సాయం కావాలంటే, బాల స్వేచ్ఛ పేరుతో పిల్లల కోసం పనిచేసిన స్వేచ్ఛ సంస్థవారి అనుభవం హైదరాబాదులోనే ఉంది. శాఖ నుంచి వచ్చే ప్రశ్నపత్రాలు, ఫారాలు కూడా యూనికోడ్‌లోనే పంపాలి. పాత డీటీపీ ఫాంట్లలో వచ్చినవి లినక్స్‌లో తెరిస్తే అక్షరాలు కావు, పిచ్చి గీతలు.

విద్యాసంస్థలకు విండోస్ 10 పొడిగింపు మొదటి ఏడాది కంప్యూటర్‌కు ఒక్క డాలరే కదా అని ఎవరైనా అనవచ్చు. అది రెండో ఏడు రెండు డాలర్లు, మూడో ఏడు నాలుగు, ఆ తర్వాత అదీ లేదు. ఇక మేము అడుగుతున్న ఈ ఎంపిక పనినే కేరళ బడుల్లో కైట్ సంస్థ ఒక జిల్లాకు కాదు, రాష్ట్రమంతటికీ చేస్తోంది. ఉబుంటు 22.04 ఆధారంగా పాఠ్యాంశాలకు తగ్గట్టు తయారుచేసిన ఒకే వెర్షన్‌ను అన్ని బడులకూ ఇచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న కేంద్ర విధానం 2015 నుంచీ అమల్లో ఉంది.

చివరగా, మండలానికి ఇద్దరు ఉపాధ్యాయులకైనా రెండు రోజుల శిక్షణ ఇవ్వండి. తరగతి గదిలో ఉపన్యాసాలు కాక, పెన్‌డ్రైవ్ రాయడం, సంఖ్య సరిచూడటం, ఒక పాత ఐ3 మీద ఇన్‌స్టాల్ చేయడం వాళ్ళ చేత చేయించాలి. ఆ రెండు రోజులకు ఓడీ ఇవ్వాలి.

వెర్షన్ల ప్రకటన, కాపీల పంపిణీ ఈ వేసవి సెలవుల్లోనే ముగించి, జూన్‌లో బడులు తెరిచేలోగా హెచ్‌ఎంలకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం. ఒకటి రెండు బడుల్లో ముందుగా ప్రయోగం చేసి చూడాలనుకుంటే మా ల్యాబులు ఇవ్వడానికి, సెలవుల్లో వచ్చి పనిచేయడానికి మేము సిద్ధం.

ఇట్లు
భవదీయులు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రులు
(సంతకాలు జతపరచడమైనది)