అంకె మారినా స్వరం మారదు

స్టీల్ గిటార్‌ను మీలో కొందరు వినే ఉంటారు. దానిని బల్లలాగా పడుకోబెట్టి, ఎడమచేత్తో నున్నని ఉక్కుకడ్డీని తీగలమీద జారుస్తూ, కుడిచేత్తో మీటుతారు. ఈ వాయిద్యం హవాయి దీవులలో పుట్టి, అమెరికాకు వెళ్లి కాళ్లు తెచ్చుకున్నది. కాళ్లతోబాటు పెడళ్లు కూడా వచ్చాయి. పెడల్ నొక్కితే, తీగ మోగుతూండగానే దాని స్వరం మారుతుంది. 1954లో వచ్చిన "స్లోలీ" అనే పాటలో బడ్ ఐజాక్స్ ఇలా వాయించేసరికి ఆ ధ్వనికి అమెరికాలో ఎంతో పేరు వచ్చింది.

ఈ వాయిద్యానికి పాట రాసుకునే పద్ధతిని టాబ్లేచర్ అంటారు. తీగకు ఒక గీత చొప్పున గీసి, కడ్డీ ఏ మెట్టు దగ్గర ఉంచాలో ఆ గీతమీద అంకె వేస్తారు. సులభమే! కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. అంకె చేతికి చోటు చూపుతుందే గాని, స్వరం పేరు చెప్పదు. తీగల శ్రుతి మారిందంటే అదే అంకె మరో స్వరం పలుకుతుంది. అప్పుడేం చెయ్యాలి?

తీగలన్నీ సమంగా పెరిగితే లెక్క తేలికే. ప్రతి తీగనూ రెండు మెట్ల మేర హెచ్చించారనుకోండి. 5 ఉన్నచోట 3 వేస్తే సరి. తీగల మధ్య దూరాలే మారిపోతే ఈ తీసివేత పనికిరాదు. ముందు అంకెను స్వరంగా మార్చి, ఆ స్వరాన్ని కొత్త తీగలమీద వెతకాలి.

మన సంగీతంలోలాగే అక్కడా స్వరస్థానాలు పన్నెండు: సి, సి షార్ప్, డి, డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్, ఎ, ఎ షార్ప్, బి. తరవాత మళ్లీ సి. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క స్థానం పెరుగుతుంది.

పది తీగల పెడల్ గిటార్‌కు "ఇ నైన్త్" అనే శ్రుతిలో 4, 5, 6 తీగలు వరుసగా ఇ, బి, జి షార్ప్. కడ్డీ 3వ మెట్టుమీద ఉంచితే అవి జి, డి, బి అవుతాయి. మీ దగ్గర పెడళ్లు లేని ఆరు తీగల గిటార్ ఉన్నదనుకోండి. దాని "సి సిక్స్త్" శ్రుతి ఒకటో తీగ మొదలు ఇ, సి, ఎ, జి, ఇ, సి. ఇందులో 2, 4, 5 తీగలమీద 7వ మెట్టు దగ్గర కడ్డీ ఉంచి లెక్కపెట్టండి. అవే జి, డి, బి! అంకె మారింది, తీగలు మారాయి, స్వరాలు మారలేదు.

ఇప్పుడు పెద్ద గిటార్‌మీద కడ్డీ కదపకుండా ఎ, బి అనే రెండు పెడళ్లూ నొక్కుదాం. 5వ తీగ రెండు స్థానాలు, 6వ తీగ ఒక స్థానం పెరిగి, జి, ఇ, సి వస్తాయి. చిన్న గిటార్‌మీద ఇవి 4, 5, 6 తీగలపై 12వ మెట్టున దొరుకుతాయి. స్వరాలు దొరికాయి గాని, పెడల్ చేసే జారుడు దొరకలేదు. అక్కడ జి నిలిచి మోగుతూండగా తక్కిన రెండూ మెల్లగా పైకెక్కాయి; ఇక్కడ చెయ్యి 7 నుంచి 12కు దూకవలసిందే. అంతా దక్కనప్పుడు, పాట నడిచే స్వరాన్ని ముందు కాపాడుకోవాలి. తోడు స్వరం ఒకటి తగ్గినా వినేవాళ్లు పాటను గుర్తుపడతారు.

అంకెలు మాత్రమే బట్టీపట్టినవాడికి శ్రుతి మారగానే పాట పోతుంది. స్వరం తెలిసినవాడి పాట ఏ గిటార్‌కైనా వెళుతుంది.

మీకొక లెక్క: పెద్ద గిటార్‌మీద అవే మూడు తీగలు, పెడళ్లు నొక్కకుండా, 5వ మెట్టున మీటితే ఏ స్వరాలు వస్తాయి? చిన్న గిటార్‌మీద వాటిని ఏ మెట్టున వెతకాలి? చేసి మీ అమ్మానాన్నలకు చూపండి.