ఆరోగ్యపు పుట: కామెర్లన్నియు నొక్కటి కావు



మా బంగారుపాళ్యమున మామిడికాయల కాలము వచ్చినదనగా ఇంటిల్లిపాదికిని తీరిక యుండదు. తోటలో కోత, మార్కెట్టులో బండ్ల వరుస, ఇంటిలో వంట. ఆ దినములలో ఇల్లాలు "ఒళ్లు బడలికగా నున్నది" అన్నచో, పని యెక్కువై యలసినదని అందరును అందురు. ఆమెయు నట్లే తలచును. కొన్ని వారములకు కీళ్లు నొచ్చును, అన్నము సహింపదు, పిదప కన్నులు పచ్చబడును. అప్పుడు కామెర్లని పేరు పెట్టి ఒకరు పసరు త్రాగింతురు, ఒకరు ఉప్పు మాన్పింతురు. పచ్చదనము తగ్గగానే రోగము పోయినదని అందరును సంతోషింతురు.

కాని కామెర్లు రోగము కాదు, రోగచిహ్నము మాత్రమే. కలుషితమైన నీటివలన వచ్చు ఎ, ఇ అను వైరసుల కామెర్లు చాలమందికి కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. ఆ కీర్తి పసరునకు దక్కుచున్నది. వైరసుతో నిమిత్తము లేక, తగ్గినట్లే తగ్గి మరల వచ్చునవి కొన్ని కలవు. అట్టి దొకదానిని గూర్చి యీ మాసము తెలిసికొందము.

మన శరీరమున రక్షక కణములు కలవు. బయటినుండి వచ్చు సూక్ష్మజీవులను పట్టి చంపుట వాని పని. ఒక్కొక్కప్పుడవి ఇంటివారినే దొంగలని భ్రమించి కాలేయముపై బడును. దీనినే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అందురు. 1950లో స్వీడను దేశపు వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ యువతులలో నిట్టి కాలేయరోగమును వర్ణించెను. 1965లో ఆస్ట్రేలియా వైద్యుడు ఇయాన్ మెకేయును ఆయన సహచరులును దీనికి నేటి పేరు పెట్టిరి. రోగులలో నలుగురికి సుమారు ముగ్గురు స్త్రీలే. బాల్యమునను రావచ్చును, నడివయస్సునను రావచ్చును. థైరాయిడ్ రోగము, బొల్లి, కీళ్లవాతము వంటివి కొందరిలో దీనితో కూడియుండును.

లోపల జరుగునది యిది. కాలేయము చిన్న చిన్న మడులుగా నేర్పడియున్నది. మడుల నడుమ రక్తనాళములును పైత్యనాళములును పోవు దారులు కలవు. దారికిని మడికిని మధ్య కాలేయ కణముల వరుస యొకటి గట్టువలె నుండును. ఈ రోగమున రక్షక కణములు దారిలో గుమిగూడి, ఆ గట్టును కొరికి మడిలోనికి చొచ్చును. కణములు చచ్చిన చోట మచ్చ కట్టును. మచ్చలు పెరిగినచో కాలేయము గట్టిపడి ముడులు దేరును. అదియే సిరోసిస్. రోగము బయటపడు నాటికే పెద్దలలో సుమారు మూడవవంతు మందికి ఈ స్థితి వచ్చియుండును. అందుచేతనే ఆలస్యము తగదు.

దీనిని నిర్ణయించుటకు ఒక్క పరీక్ష చాలదు. మొదట రక్తమున కాలేయపు ఎంజైములను చూతురు. వైరసులు లేవని రూఢి చేసికొందురు. వయస్సు చిన్నదైనచో, రాగి పేరుకొనుటచే వచ్చు విల్సన్ వ్యాధిని గూడ విచారింతురు. పిదప ఐజిజి యను రక్తపదార్థము హెచ్చినదా యనియు, స్వదేహముపై తిరుగబడు యాంటీబాడీలు కలవా యనియు పరీక్షింతురు. ఆరోగ్యవంతులలో గూడ ఇట్టి యాంటీబాడీలు కొద్దిగా కనబడవచ్చును గనుక, ఆ యొక్క కాగితమును చూచి భయపడరాదు. తుదకు బయాప్సీ చేయుదురు. ఆ చోట మాత్రము మత్తుమందిచ్చి, ప్రక్కటెముకల నడుమనుండి సూదితో నూలుపోగువంటి ముక్కను తీసి, గట్టు తెగినదా యని సూక్ష్మదర్శినిలో చూతురు.

2008లో పలుదేశముల వైద్యులు కలసి యాంటీబాడీలు, ఐజిజి, కాలేయపు ముక్క, వైరసులు లేకుండుట అను నాలుగింటికి మార్కు లేర్పరచిరి. ఒక్కొక్కదానికి మిక్కిలి 2 చొప్పున మొత్తము 8. 6 వచ్చినచో ఈ రోగము కావచ్చుననియు, 7 గాని అంతకు మించి గాని వచ్చినచో నిశ్చయమనియు భావింతురు.

ఇచట మీరు దాచకూడనిది యొకటి కలదు. త్రాగిన పసరును, కషాయమును, మ్రింగిన మాత్రను వైద్యునికి చెప్పుడు. కోవిడ్ కాలమున అనేకులు తిప్పతీగ కషాయము త్రాగిరి. దాని తరువాత కాలేయము చెడిన 43 మంది రోగులను గూర్చి మనదేశపు 13 ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రకటించిరి. వీరిలో హైదరాబాదు వైద్యులును కలరు. ఆ రోగులలో సుమారు మూడింట రెండువంతుల మందికి పైని చెప్పిన యాంటీబాడీలే కనబడెను. ఆకుమందు గనుక హాని లేదనుట సరికాదు.

ఈ రోగము అంటునది కాదు. కంచము, గ్లాసు వేరు చేయనక్కరలేదు. మద్యముచే వచ్చినదియు కాదు. కాలేయరోగమనగానే ఆమె నడతను శంకించుట అన్యాయము.

చికిత్స కలదు. ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్ అను మందులతో చాలమంది కోలుకొని సంసారము నడుపుకొనుచున్నారు. కాని పచ్చదనము పోయినదని స్వయముగా మందు మానరాదు. మానినవారిలో పలువురికి తిరుగబెట్టును. గర్భము ధరింపగోరువారు ముందుగానే వైద్యునితో ఆలోచింపవలెను.

మనకు తిరుపతిలో 1993లో స్థాపింపబడిన స్విమ్స్ కలదు. వేలూరున క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. ఇంటిలో నెవరికైనను కామెర్లు వచ్చినచో, పచ్చదనము తగ్గిన తరువాత గూడ ఒకసారి రక్తపరీక్ష చేయించి ఎంజైములు సరియైనవో లేదో చూచుకొనుడు. పరీక్షల కాగితములన్నియు ఒక సంచిలో భద్రపరుపుడు. కోత ముగిసిన పిమ్మట చూచుకొందమని మాత్రము వాయిదా వేయకుడు.