పాదములు – ఇంటివైద్యము

దేహభారమునంతను మోయునవి పాదములు. అయినను ముఖమునకు చేయు శుశ్రూషలో పదియవ వంతైనను మనము వానికి చేయము. కాలు నొచ్చినప్పుడు మాత్రమే వంటయింటిలోని డబ్బాలను వెదకుదుము. ఈ ఇంటివైద్యమును గ్రుడ్డిగా నమ్మువారు కొందఱు. మోటువైద్యమని త్రోసిపుచ్చువారు మఱికొందఱు. ఈ రెండును సరియైన మార్గములు కావని నా అభిప్రాయము.

మొదట దాని మేలును చూతము. కృష్ణా గోదావరి డెల్టాలలో వరినాట్ల కాలమున కూలివారు దినమంతయు బురదనీటిలో నిలుతురు. కాలివ్రేళ్ల సందులు నాని ఒరియును. సాయంకాలము పాదములు కడుగుకొని, ఆ సందులను పొడిగుడ్డతో ఒత్తుకొనుటయే వారికి మొదటి మందు. ఇందులకు కాసైనను వ్యయము కాదు. మడమలు పగిలినవారు గోరువెచ్చని నీటిలో 10 నిమిషములు పాదముల నుంచి, తుడిచి, ఆముదమో కొబ్బరినూనెయో రాచుకొనినచో చర్మము మెత్తబడును. నూనె చర్మములోని తేమను బయటికి పోనీయదు. అందు మాయ యేమియు లేదు.

అయితే చర్మము తెగిన పిదప సంగతి వేఱు. ముల్లు గాని మేకు గాని లోతుగా దిగినప్పుడు పేడయో, మన్నో, బూడిదయో అద్దుట ప్రమాదకరము. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి మట్టిలోను పేడలోను ఉండును. గాలి సోకని లోతైన గాయమున వృద్ధి పొందును. 1889లో కితసాతో అను జపాను శాస్త్రజ్ఞుడు దానిని వేఱుపఱచి చూపెను. పసుపు పూసినంతమాత్రమున ఆ విషము విఱుగదు. గాయమును సబ్బుతోను ధారాళమైన నీటితోను కడిగి వైద్యుని చేరవలెను. ఈ వ్యాధి రాకుండుటకు టీకా కలదు. మన దేశమున బాలబాలికలకు 10, 16 ఏండ్ల వయస్సున దానిని వేయుదురు. మీకు వేసిరో లేదో ఇంట అడిగి తెలిసికొనుడు.

మధుమేహము గలవారు మఱింత జాగరూకులై యుండవలెను. వారి పాదములలో స్పర్శ తగ్గవచ్చును. అప్పుడు ముల్లు గ్రుచ్చినను, వేడినీరు కాల్చినను తెలియదు. అట్టివారు కాళ్లను వేడినీట నానబెట్టరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోసికొనరాదు. చిన్న పుండునైనను ఉపేక్షింపరాదు. చూపు మందగించిన తాతగారి పాదములను ప్రతిదినము ఒకమాఱు పరిశీలించుట మనుమలు చేయదగిన సేవ.

గోరుచుట్టుపై రోకటిపోటు అని సామెత. చిన్న బాధను పెద్ద ఆపదగా మార్చు వైద్యము ఆ రోకటిపోటు వంటిదే. కావున చర్మము చెక్కుచెదరనంతవఱకు ఇంటివైద్యమును ఆదరింపుడు. లోతుగా గాయమైనను, చీము పట్టినను, స్పర్శ తప్పినను ఆలసింపక వైద్యుని ఆశ్రయింపుడు.